ఒకే పంక్తి, ఒకే గ్లాసు

మన వంటిళ్లలో ఏ పదార్థానికి ఏ పాత్ర అన్నది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఆవకాయ జాడీలోకి వెళ్లాలి, స్టీలు డబ్బాలోకి కాదు. పులుసు రాచ్చిప్పలో కాస్తే ఆ రుచే వేరు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే కిలుం పట్టి నోట పెట్టలేం. పెరుగు మట్టి ముంతలో తోడేస్తే గట్టిగా తోడుకుంటుంది. కొత్త కోడలు గిన్నె అందుకోబోతుంటే అత్తగారు "అందులో వద్దమ్మా, ఇందులో" అంటుంది. అంతే, ఆ ఒక్క ముక్కతో పాఠం అయిపోతుంది.

అందుకని వైట్ వైన్‌కి వేరే గ్లాసు ఉంటుందనీ, ఆ వైట్ వైన్లలో మళ్లీ రకాన్ని బట్టి గ్లాసు మారుతుందనీ విన్నప్పుడు నాకు వింతగా ఏమీ అనిపించలేదు. మన మాటల్లోనే ఉంది కదా. పాత్ర అంటే గిన్నె. నాటకంలో వేషమూ పాత్రే. ఇచ్చినదాన్ని నిలుపుకోగలిగినవాడు పాత్రుడు. బీఏ తెలుగులో ఈ ఒక్క మాట మీద మా మేష్టారు గంట సేపు చెప్పారు. ఆ పాఠం జర్మనీలో ఒక గాజు సామాన్ల కొట్లో పనికొస్తుందని ఆయనా అనుకుని ఉండరు, నేనూ అనుకోలేదు.

వైన్ గ్లాసులతో నీకేం పని అని మీరు అడుగుతారు. మా ఇంట్లో నేను తాగను, మావారూ తాగరు. పని పడింది మా తమ్ముడి వల్ల. వాడు పదేళ్లుగా జర్మనీలో మైంజ్ అనే ఊళ్లో ఉంటున్నాడు. నలభై దాటాక, ఇక పెళ్లి మాట ఎత్తొద్దని మేమంతా అనుకున్నాక, అక్కడి అమ్మాయినే చేసుకుంటున్నానని చెప్పాడు. అమ్మాయిది మోజెల్ నది ఒడ్డున చిన్న ఊరు. వాళ్లది ద్రాక్షతోటల కుటుంబం. రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష పండించి, సొంతంగా వైన్ తీసి సీసాలకెత్తుతారు.

మోజెల్ లోయ చూస్తే తప్ప ఆ కష్టం అర్థం కాదు. నదికి అటూ ఇటూ గోడల్లాంటి కొండలు. ఆ వాలు మీద పలకరాయి నేల. మన పాతకాలం పలక ఉండేదే, ఆ రాయి. పగలంతా ఎండకి కాగి రాత్రి ఆ వేడిని తీగలకి ఇస్తుందట. బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మోంట్ అనే కొండ కొన్నిచోట్ల 65 డిగ్రీల వాలు ఉంటుంది. అక్కడ ట్రాక్టర్లు ఎక్కవు. మనుషులే వంగి, పాకి, చేత్తో కోసుకోవాలి. వాళ్లకి వైన్ అంటే పంట. మా నెల్లూరోళ్లకి మొలగొలుకులు ఎలాగో అలాగ.

కానీ మా ఇంట్లో తాగుడు అన్న మాటకి అర్థం వేరు. అది చెప్పకపోతే ఈ గ్లాసుల కథ మీకు అందదు.

మా నాన్న సారా తాగేవారు. ప్యాకెట్ సారా రోజులవి. మా ఇంట్లో దానికంటూ వేరే గ్లాసు లేదు. పొద్దున మేం పాలు తాగిన స్టీలు గ్లాసులోనే రాత్రి ఆయన పోసుకునేవారు. అమ్మ మర్నాడు ఆ గ్లాసుని చింతపండు, బూడిద వేసి ఎంత తోమినా వాసన పోయినట్టు మాకు అనిపించేది కాదు. చివరికి ఒక గ్లాసు అడుగున మేకుతో అడ్డంగా గీత గీసి దాన్ని విడిగా పెట్టింది. గీత ఉన్న గ్లాసు పిల్లలు ముట్టుకోకూడదు. నాకప్పుడు పదకొండేళ్లు, తమ్ముడికి ఆరు. వాడికి అంకెలు పూర్తిగా రాకముందే ఆ గీత గుర్తుపట్టడం వచ్చింది.

1992లో మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మీదికి వెళ్లారన్న కబురు ఊరూరా పాకింది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లే ముందు నడిచారు. మా అమ్మ కూడా చీపురు పట్టుకుని వెళ్లింది. నేను పదో తరగతి. 1993లో సారా మీద నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యం మీద వచ్చింది, 1997లో సడలిపోయింది. మా నాన్న ఆ సడలింపు దాకా లేరు. కాలేయం చెడి 1996లోనే పోయారు. తమ్ముడు ఇవాళ్టి వరకూ చుక్క ముట్టలేదు.

అలాంటివాడు పెళ్లికి రెండు వారాల ముందు, మేం మైంజ్‌లో దిగిన మర్నాడు, వంటింట్లో నా పక్కన నిలబడి మెల్లగా అన్నాడు. "అక్కా, శనివారం వాళ్లమ్మా నాన్నా మొదటిసారి మనింటికి భోజనానికి వస్తున్నారు. వాళ్ల తోటలో వైన్ తెస్తారు. ఇంట్లో నువ్వు పంపిన స్టీలు గ్లాసులు, టీ కప్పులు తప్ప ఏమీ లేవు. గ్లాసులు నువ్వు చూడు. నేను ఆ అల్మరా ముందు నిలబడితే చెయ్యి ముందుకి పోవట్లేదు."

వాడు అంతకన్నా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడాదంతా కొండ ఎక్కి దిగి తీసినదాన్ని అల్లుడు టీ కప్పులో పోసి పెడితే ఆ మామగారికి ఎలా ఉంటుంది? మన మొలగొలుకుల అన్నం ఎవరైనా పాలిథిన్ కవర్లో పెట్టుకుని తింటే మనకి ఎలా ఉంటుందో అలాగే. తాగడం, తాగకపోవడం మన ఇష్టం. వచ్చినవాళ్ల శ్రమకి తగిన పాత్ర పెట్టడం మర్యాద. ఈ రెంటినీ కలిపి చూడకూడదని ఆ పూటకి తీర్మానం చేసుకుని, కాబోయే మరదల్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

ముందు క్రిస్టల్ సంగతి చెబుతాను, ఎందుకంటే నాకు మొదటి భయం అక్కడే వచ్చింది. క్రిస్టల్ అంటే స్ఫటికం అని పేరే గానీ అది నిజంగా స్ఫటికం కాదు, గాజే. 1674లో లండన్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ అనే ఆయన గాజు తయారీకి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఆయన గాజులో సీసం ఆక్సైడ్ కలిపాడు. దాంతో గాజుకి మెరుపు, బరువు, వేలితో తడితే గంటలా మోగే గుణం వచ్చాయి. మెత్తగా ఉండటం వల్ల దాని మీద పూలూ తీగలూ చెక్కడం కూడా తేలికైంది. నాకు సీసం అంటే నాలుగు పాదాలూ, కింద ఒక ఎత్తుగీతీ ఉన్న పద్యమే. ఇక్కడ మాత్రం సీసం అంటే విషం కూడా.

యూరప్ దేశాలు 1969లో ఒక నియమం పెట్టుకున్నాయి. 24 శాతం సీసం ఆక్సైడ్ ఉంటేనే లెడ్ క్రిస్టల్ అనాలి, 30 శాతం ఉంటే ఫుల్ లెడ్ క్రిస్టల్ అనొచ్చు. అంతకన్నా తక్కువైనా, సీసానికి బదులు జింకు, బేరియం లాంటివి కలిపినా, వేరే పేర్లతో అమ్మాలి. కాబట్టి పెట్టె మీద క్రిస్టల్ అని కనబడగానే సంతోషించడం, బెదరడం రెండూ అనవసరం. ఏ రకం క్రిస్టలో చదవాలి.

సీసం ఉన్న గ్లాసులో వైన్ పోసి అరగంటలో తాగేస్తే అందులోకి దిగే సీసం తక్కువే. నిలవ పెడితేనే అసలు చిక్కు. పులుపున్న పానీయం సీసాన్ని మెల్లగా లాగుతుంది. 1991లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెడ్ క్రిస్టల్ కూజాల్లో నెలల తరబడి ఉంచిన వైన్‌లో సీసం విపరీతంగా పెరిగిందని ప్రచురించారు. గర్భిణులకీ, పిల్లలకీ సీసం ఏ కొంచెమైనా మంచిది కాదు. మన ఆడవాళ్లకి ఇది కొత్త విషయమేమీ కాదు. కళాయివాడు తగరంలో సీసం కలుపుతాడేమోనని మా అమ్మమ్మ కొలిమి పక్కనే నిలబడి కళాయి వేయించుకునేది.

అందుకని కొట్లో అడుగు పెట్టగానే నా మొదటి ప్రశ్న సీసం లేనివి ఉన్నాయా అని. కొట్టు నడిపే ఆవిడకి అరవై ఏళ్లు ఉంటాయి. నా మాట మరదలు జర్మన్‌లో చెప్పగానే నవ్వి, ఇప్పుడు మంచి కంపెనీలు చాలావరకూ సీసం లేకుండానే చేస్తున్నాయని, టైటానియం, బేరియం, జింకు ఆక్సైడ్లు కలుపుతారని చెప్పింది. అవి మెరుపులో తీసిపోవు, పైగా కొంచెం గట్టివి కూడా. పాత లెడ్ క్రిస్టల్ ఇంట్లో వారసత్వంగా ఉంటే పండక్కి వాడి కడిగి పెట్టుకోండి, అందులో ఏదీ నిలవ ఉంచకండి అంది. ఆ మాట మీకూ చెబుతున్నాను. మనవాళ్లూ విదేశాల నుంచి క్రిస్టల్ కూజాలు తెచ్చుకుని షోకేసుల్లో పెట్టుకుంటున్నారు. అందులో పళ్లరసాలు, షర్బత్తులు పోసి ఫ్రిజ్‌లో ఉంచకండి.

తర్వాత ఆకారం. గ్లాసుకి మూడు భాగాలు: పైన గిన్నె, మధ్యన కాడ, కింద అడుగు. కాడ ఎందుకున్నదో ఆవిడ చెబితే గానీ తెలియలేదు. తేలికైన వైట్ వైన్ 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో తాగుతారు. కొంచెం ఒళ్లున్నవి, చెక్క పీపాల్లో మాగబెట్టినవి 10 నుంచి 13 డిగ్రీల దాకా పోవచ్చు. మన చెయ్యి 30 డిగ్రీల పైమాటే. గిన్నెని అరచేత్తో పట్టుకుంటే ఆ చల్లదనం త్వరగా పోతుంది. అందుకని కాడ పట్టుకోవాలి. సినిమాల్లో హీరో గిన్నె కింద అరచెయ్యి పెట్టి తిప్పుతూ ఉంటాడు చూడండి, అది చూడ్డానికే బాగుంటుంది.

వైట్ వైన్ గ్లాసు రెడ్ వైన్ గ్లాసు కంటే చిన్నదిగా ఉండటానికీ కారణం ఆ చల్లదనమే. కొద్దికొద్దిగా పోసుకుంటే వేడెక్కే లోపు అయిపోతుంది. గిన్నె తులిప్ పువ్వు మొగ్గలా ఉండాలి. నడుము దగ్గర విశాలంగా, పైకి పోయేకొద్దీ దగ్గరపడుతూ. పైన మూతి దగ్గరపడితే వాసన చెదిరిపోకుండా గిన్నెలోనే నిలుస్తుంది. పోసేటప్పుడు కూడా నడుము దాటకూడదు. మూడో వంతు పోస్తే మిగతా చోటంతా వాసనది. నిండుగా పోయడం మనకి మర్యాద, ఇక్కడ మాత్రం వెలితిగా పోయడమే మర్యాద.

రకాన్ని బట్టి నడుము మారుతుంది. రీస్లింగ్, సావిన్యోన్ బ్లాంక్ లాంటివి సన్నగా, పుల్లగా, పూల వాసనతో ఉంటాయి. వాటికి సన్నటి మొగ్గలాంటి గ్లాసు, మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు పట్టేది చాలు. ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతపు షార్డొనే చెక్క పీపాల్లో మాగి వెన్నలాంటి నిండుదనంతో ఉంటుంది. దానికి వెడల్పు నడుము కావాలి, గాలి తగిలితేనే విచ్చుకుంటుంది. సన్నబియ్యం అన్నానికీ, పొంగలికీ ఒకే గరిటె వాడం కదా.

ఈ రకానికో గ్లాసు అన్న ఆలోచనని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఆస్ట్రియాలో కుఫ్‌స్టైన్ ఊరి రీడెల్ కుటుంబాన్ని. క్లాస్ రీడెల్ 1973లో ఒక్కో ద్రాక్ష రకానికి ఒక్కో ఆకారం చొప్పున నోటితో ఊదిన గ్లాసుల వరస విడుదల చేశాడు. అంతకు ముందు అందం కోసం చెక్కిన మందపాటి గ్లాసులే గొప్ప. ఆయన చెక్కుళ్లన్నీ తీసేసి, సాదాగా, పల్చగా చేశాడు. వైన్ కనబడాలి, గ్లాసు కాదు అన్నట్టు.

ఒక మాట మాత్రం నమ్మకండి. గ్లాసు ఆకారం వైన్‌ని నాలుక మీద ఫలానా చోట పడేస్తుంది, తీపికి ఒకచోటు, పులుపుకి ఒకచోటు అని చాలామంది చెబుతారు. 1901లో హానిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త రాసినదాన్ని తర్వాతివాళ్లు తప్పుగా అర్థం చేసుకుని గీసిన నాలుక బొమ్మ అది. నిజానికి నాలుక మీద రుచిమొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. గ్లాసు చేసే మేలు ముక్కుకి, చల్లదనానికి, పెదవికి. అంతే, అదే చాలు.

పెదవి మాట వచ్చింది కాబట్టి మూతి అంచు. చౌక గ్లాసులకి అంచు ఉండ చుట్టినట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. మంచివాటికి కోసి నునుపు చేస్తారు. వేలు పెట్టి చుట్టూ తిప్పితే తేడా తెలిసిపోతుంది. యంత్రంతో చేసినదానికీ, నోటితో ఊదినదానికీ ధరలో నాలుగైదు రెట్ల తేడా. నోటితో ఊదినవి చేతిలో ఉన్నట్టే ఉండవు, అంత తేలిక. కానీ రోజూ కడిగే ఇంటికి, రేపు పిల్లలు తిరగబోయే ఇంటికి యంత్రంతో చేసిన మంచి రకమే మేలని నేనూ మరదలూ ఒక్కసారే అనుకున్నాం. మా ఇద్దరికీ భాష సరిగ్గా కలవకపోయినా లెక్క కలిసింది.

కొట్లో ఇంకో అల్మరాలో ఆకుపచ్చ కాడలున్న పాతకాలం గ్లాసులు చూశాను. వాటిని రోమర్ అంటారు. పెళ్లి కానుకకి అవి బాగుంటాయేమో అనుకున్నాను, పాత చీర అంచులా ఉన్నాయి. మరదలు తలూపి, మా నానమ్మ ఇంట్లో అవే ఉండేవి, కానీ ఆ ఆకుపచ్చలో మా నాన్న వైన్ రంగు కనబడదు, ఆయనకి నచ్చదు అంది. కాబట్టి రంగు లేనిది, చెక్కుళ్లు లేనిది.

అక్కడే ఒక మూల హోటళ్లకి అమ్మే గ్లాసులు ఉన్నాయి. వాటి మీద సన్నటి గీత, పక్కన 0.1, 0.2 అని అంకెలు. అదేమిటని అడిగాను. జర్మనీలో హోటల్లో పోసే ప్రతి గ్లాసు మీదా ఎంత కొలతో తెలిపే గీత చట్టప్రకారం ఉండాలిట. గీత దాకా పోయకపోతే తాగేవాడు అడగొచ్చు. నేను ఆ గీతని కాసేపు చూస్తూ ఉండిపోయాను. మా ఇంట్లో గీత గ్లాసు అడుగున ఉండేది. పిల్లల్ని దూరం పెట్టడానికి గీసింది. నాన్న తాగే కొలతకి మాత్రం గీత ఏనాడూ లేదు. మరదలు నా భుజం తట్టి, ఇంటి గ్లాసులకి గీత అక్కర్లేదు వదినా అంది. "వదినా" అన్న మాట తమ్ముడు నేర్పాడు.

ముందు ఒక్క గ్లాసే కొని ఇంటికి తెచ్చాం. చీర కొనేటప్పుడు ఒంటి మీద వేసి చూసుకుంటాం కదా. వంటింట్లో బల్ల మీద స్టీలు గ్లాసు, టీ కప్పు, ఈ కొత్త గ్లాసు వరసగా పెట్టి మరదలు మూడింట్లో వాళ్ల తోట రీస్లింగ్ కొంచెం కొంచెం పోసింది. నేను తాగను, వాసన చూస్తానన్నాను. స్టీలు గ్లాసు దగ్గర ఊపిరి బిగబట్టాను, ఎందుకో మీకు తెలుసు. అందులో లోహపు చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. టీ కప్పులో ఏదో పుల్లటి వాసన. కొత్త గ్లాసుని ఒకసారి గుండ్రంగా తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, వాటి కింద వాన పడ్డ బండరాయి వాసన. పోపు వాసనతో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే ముక్కు మనది, అబద్ధం చెప్పదు. మా ఇంట్లో నేనెరిగిన వాసన అందులో ఎక్కడా లేదు.

తమ్ముడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. మోకాళ్ల నొప్పుల వల్ల ఆవిడ పెళ్లికి రాలేకపోయింది. దాచడం ఎందుకని వైన్ గ్లాసులు కొంటున్నామని ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత అడిగింది.

"వాడు తాగడుగా?"

"తాగడమ్మా."

"మరి అందరూ గ్లాసులు ఎత్తుకున్నప్పుడు వాడి చేతిలో ఏముంటుంది?"

అది నాకు తట్టని ప్రశ్న. చీపురు పట్టుకుని సారా కొట్టు మీదికి వెళ్లిన మనిషి అడగవలసిన ప్రశ్న అదేనేమో. తాగేవాళ్ల చేతిలో మెరిసే గ్లాసు, తాగనివాడి చేతిలో నీళ్ల గ్లాసు. తన ఇంట్లో, తన బల్ల దగ్గర, వాడొక్కడూ విడిగా కనబడతాడు. మనవాళ్లు పంక్తిభేదం చేయకూడదు అంటారు. ఒక వరసలో కూర్చున్నవాళ్లకి ఒకరికి నెయ్యి, ఒకరికి నూనె వడ్డించకూడదని. తినేది ఎవరి ఆకులో వాళ్లది, కానీ ఆకు ఒకటే ఉండాలి.

మర్నాడు మళ్లీ కొట్టుకి వెళ్లి, అందరికీ ఒకే రకం ఎనిమిది గ్లాసులు అడిగాను. అత్తగారు, మామగారు, మరదలి అక్క, బావ, మావారు, నేను, పెళ్లికొడుకు, పెళ్లికూతురు. ముగ్గురం తాగనివాళ్లం ఉన్నాం, అయినా ఎనిమిదీ ఒకటే. ద్రాక్షరసానికీ ఈ గ్లాసే పనికొస్తుందా అని అడిగితే కొట్టావిడ, రసానికీ వాసన ఉంటుంది కదా, చల్లగా పోయండి అంది. అక్కడ వైన్ తీసేవాళ్లే తెల్లద్రాక్ష రసం కూడా సీసాల్లో పెట్టి అమ్ముతారు. రంగు కూడా దాదాపు అదే. రెండు సీసాలు కొన్నాను.

శనివారం నేను నిమ్మకాయ పులిహోర, గుత్తివంకాయ, కొబ్బరి పచ్చడి చేశాను. కారం తగ్గించాను. కొంచెం తీపి మిగిలే రీస్లింగ్ కారానికి బాగా పొత్తు కుదురుతుందని మరదలి నాన్నగారు చెప్పి, ఆ రకమే తెచ్చారు. ఆయన చేతులు మా ఊరి రైతుల చేతుల్లాగే ఉన్నాయి. కాడ పట్టుకుని గ్లాసు పైకెత్తి దీపానికి ఎదురుగా చూసి, వాసన చూసి, కూతురితో ఏదో అన్నారు. గ్లాసులు ఎవరు ఎంచారు అని అడిగారట. మరదలు నా వైపు చూపించింది.

అక్కడ గ్లాసులు తాకించేటప్పుడు కళ్లలోకి చూడాలి. చూపు తప్పించడం మర్యాద కాదు. వైన్ అయితే "జుమ్ వోల్" అంటారు, క్షేమంగా ఉండాలని. ఎనిమిది గ్లాసులూ ఒక్కొక్కటిగా తాకాయి. మంచి గాజు కాబట్టి మోత సన్నగా చాలాసేపు నిలిచింది. వాళ్లత్తగారు తమ్ముడి గ్లాసు చూసి, రసమా అని అడిగింది. వాడు అవునన్నాడు. మేమూ ఏటా కొంత రసం తీసి పెడతాం, ఈ శరదృతువు నుంచి నీ సీసాలు విడిగా ఉంచుతానంది. ఎందుకు తాగవని అడగలేదు. వాడు ఎప్పుడో చెప్పే ఉంటాడు.

ఇక వాడకం సంగతి, ఎవరికైనా పనికొస్తుందని. ఇలాంటి గ్లాసుల్ని సింకులో ఇతర గిన్నెలతో కలపకండి. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల సబ్బు, బాగా జాడించాలి. సబ్బు వాసన మిగిలితే పడ్డ శ్రమంతా వృథా. తుడిచేటప్పుడు ఒక చేత్తో అడుగు, ఇంకో చేత్తో గిన్నె పట్టుకుని మెలితిప్పకండి, చాలా గ్లాసులు కాడ దగ్గర విరిగేది అప్పుడే. గిన్నెని పట్టుకునే గిన్నెని తుడవాలి. బోర్లించి పెడితే అంచు మీద బరువు పడుతుంది, లోపల అల్మరా వాసన కూడా చిక్కుకుంటుంది. నిలబెట్టే ఉంచండి. ఏ అట్టపెట్టెలో వచ్చాయో అందులోనే దాచుకుంటే అట్ట వాసన పడుతుంది.

పెళ్లి ముందు రోజు అక్కడ ఒక వేడుక చేస్తారు, పోల్టరాబెండ్ అని. స్నేహితులంతా వచ్చి ఇంటి ముందు పింగాణీ పళ్లేలు, కప్పులు, పూలకుండీలు నేలకేసి కొట్టి పగలగొడతారు. ముక్కలు అదృష్టం తెస్తాయట. కొత్త జంట ఇద్దరూ కలిసి ఆ ముక్కలన్నీ ఊడ్చి ఎత్తాలి. ఏదైనా పగలగొట్టొచ్చు గానీ గాజు మాత్రం పగలగొట్టకూడదు, అది చెడుశకునం. ఆ నియమం విని మావారు, హమ్మయ్య, మీ ఎనిమిదీ బతికాయి అన్నారు. తమ్ముడూ మరదలూ చెరో చీపురూ పట్టుకుని అర్ధరాత్రి దాకా ఊడ్చారు. వీడియో కాల్‌లో అది చూసి అమ్మ చాలాసేపు నవ్వింది. మీ ఆయన బాగానే ఊడుస్తాడు, నేనే నేర్పాను అని మరదలికి తెలుగులోనే చెప్పింది.

మేం బయల్దేరే ముందు రాత్రి భోజనాలయ్యాక గ్లాసులు ఎవరు కడగాలన్న ప్రసక్తి వచ్చింది. నేను లేవబోతే తమ్ముడు వద్దని ఆపి, తనే సింకు దగ్గరికి వెళ్లాడు. ఒక్కొక్కటీ కడిగి, దీపానికి ఎత్తి చూసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తువ్వాలు మీద నిలబెట్టాడు. ఎనిమిదింటికీ దాదాపు అరగంట పట్టింది. ఈలోగా మరదలు రసీదు తెచ్చి వంటింటి సొరుగులో పెట్టింది, ఎప్పుడైనా ఒకటి పోతే అదే రకం తెచ్చుకోవాలని.